నేరమంతా ఎవరిస్టోదే

లోకంలో ఎక్కడ ఏ తప్పు జరిగినా దాన్ని తన నెత్తిన వేసుకోవడం మా ఎవరిస్టోకి జబ్బు. మా ఊరు మోంటెవిడియోలో వాన కురిసి మా బట్టలు తడిస్తే, "తప్పు నాదే. పొద్దున మబ్బు చూసి కూడా మీకు చెప్పలేదు" అనేవాడు. ఫుట్‌బాల్‌లో మా జట్టు ఓడితే, "నేను చూడకుండా ఉండాల్సింది" అనేవాడు. బస్సులో ఎవడో ఈయన కాలు తొక్కితే, "క్షమించండి, కాలు అక్కడ పెట్టింది నేనే" అన్నాడు. తొక్కినవాడు సిగ్గుపడి, తన స్టాపు రాకముందే దిగిపోయాడు.

మాది డేటాబేస్ తయారుచేసే చిన్న కంపెనీ. సాల్టో అనే ఊళ్ళో ఒక కిడ్నీ ఆసుపత్రి దాన్నే వాడేది. ఒకరోజు అక్కడ డయాలసిస్‌కి పిలవాల్సిన అనాక్లెటో అనే ముసలాయన పేరు తెరమీదకి రాలేదు. ఒళ్ళు ఉబ్బి, ఆయాసపడుతూ ఆయనే వచ్చాడు కాబట్టి బతికిపోయాడు.

మా మేనేజరు గ్లాదిస్ ఆఫీసు దద్దరిల్లేలా అరిచింది. "ఆ కర్సర్ రాసిందెవరు? ఇవాళే ఇంటికి పంపిస్తాను!"

మా ప్రోగ్రాంలో కర్సర్ అంటే పేర్ల వరస మీద ఒక్కొక్కటిగా జరిగే వేలు లాంటిది. మా దగ్గర ఎన్నిసార్లు నడిపినా అది ఒక్క పేరూ వదల్లేదు.

"ఆసుపత్రివాళ్ళే ఏదో కెలికి ఉంటారు" అంది గ్లాదిస్.

ఎవరిస్టో తాగుతున్న మాతే ఆకుల కషాయం గిన్నె పక్కన పెట్టి, ఆసుపత్రి గుమాస్తా మిర్తాకి ఫోన్ చేశాడు.

"నేనేం ముట్టుకోలేదు సార్! నా మీదికి నెట్టకండి!" అప్పటికే ఏడుపు గొంతు.

"తప్పు నాదేనమ్మా. ఎలా వాడాలో సరిగ్గా చెప్పలేదు. ఆ పొద్దున ఏమేం చేశావో ఊరికే కబుర్లలా చెప్పు."

అవతల ముక్కు చీదిన చప్పుడు. "తాతకి ముందున్నావిడ రానంది. ఆవిడ పేరు కొట్టేసి, 'తర్వాత' అని నొక్కాను. అంతే సార్."

"అంతే కాదు తల్లీ, అదే!" ఎవరిస్టో కుర్చీలోంచి ఎగిరాడు.

ఆవిడ వరసలోంచి లేచిపోగానే వెనకవాళ్ళంతా ఒక్కో చోటు ముందుకు జరిగారు. ముసలాయన సరిగ్గా వేలి కిందకే వచ్చాడు. వేలు అది చూసుకోకుండా ఆయన్ని దాటిపోయింది! పేరు కొట్టేస్తే వేలు ఆ ఖాళీలోనే ఆగి, ముందుకు జరిగి వచ్చిన మనిషినే పిలవాలి. ఎవరిస్టో అలా సరిచేసి, మిర్తాని మళ్ళీ ఫోన్‌లో పట్టుకుని, ఆ రోజు వరసే మళ్ళీ నడిపించాడు.

"కొట్టేశాను సార్... 'తర్వాత' నొక్కాను... వచ్చాడు! తాత వచ్చాడు!"

మా గదిలో గోల్ పడ్డట్టు కేకలు. ఒకరినొకరం ఎత్తుకుని తిప్పాం.

"అది సరే, రాసిందెవరు?" అంది గ్లాదిస్.

"నేనే" అన్నాడు ఎవరిస్టో.

నాకు నవ్వాగలేదు. ఆ ముక్క రాసేనాటికి ఎవరిస్టో కంపెనీలోనే లేడు. రాసింది గ్లాదిసే. అప్పట్లో ఆమె పక్క కుర్చీ నాది. ఆమె నా నవ్వు చూసింది. అది రాసింది తనేనని అప్పుడు గుర్తొచ్చింది. చెవులదాకా ఎర్రబడి, తన గదిలోకి వెళ్ళిపోయింది.

"ఎందుకయ్యా ఈ అబద్ధాలు?" అన్నాను.

"భయపడ్డవాళ్ళకి ఏదీ గుర్తురాదోయ్. భయం పోతేనే కదా మిర్తాకి నోరు పెగిలింది!"

ఆ శనివారం గ్లాదిస్ బస్సెక్కి సాల్టో వెళ్ళి, అనాక్లెటోకి క్షమాపణ చెప్పుకుంది. ఆయన తిట్టలేదు సరికదా, తన తోట నారింజలు సంచినిండా మోయించి పంపాడు. సోమవారం ఆమె ఆ సంచి తెచ్చి ఎవరిస్టో బల్లమీద దించింది. ఎవరిస్టో పెద్ద పండొకటి ఏరి, ఒలిచి, సగం ఆమె చేతిలో పెట్టాడు. ఇద్దరికీ మోచేతులదాకా రసం కారింది.