మా ఊరి బోరు

ఊరికి నీళ్ళు తెచ్చిన మనిషని నన్ను పదిమందిలో మెచ్చుకుంటారు. ఏళ్ళుగా ఆ మాట విన్నప్పుడల్లా లోపల ఏదో కోసినట్టుంటుంది. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి చెప్పగలుగుతున్నానేమో.

మాది కడప వైపు పల్లె. ఊరివాళ్ళం చాలామందిమి ఒమన్‌లోనే ఉన్నాం. నేనొక కంపెనీలో సూపర్‌వైజర్‌ని. శుక్రవారాల్లో బర్కాలో మావాళ్ళు పనిచేసే ఖర్జూరం తోటలో కలుసుకునేవాళ్ళం. ఊరి సంఘం అక్కడే పుట్టింది. సంఘం పెడదామన్నది ఓబులమ్మ. మా ఊరి ఎస్సీ కాలనీ మనిషి, బర్కాలోనే ఒక ఇంట్లో పని. సంఘానికి పెద్దగా మాత్రం నన్ను కూర్చోబెట్టారు.

కాలనీ హైవేకి అవతల ఉంటుంది. అక్కడ చుక్క నీళ్ళుండవు. ముందు కాలనీలో బోరు వేయిద్దామని ఓబులమ్మ అడిగింది. అందరం సరేనన్నాం.

భూమిలో నీళ్ళెక్కడున్నాయో పాయింటు చూసినవాడు కాలనీలో నీళ్ళు బాగా పడతాయనే చెప్పాడు. ఆ మాట విన్నది ఊళ్ళో ఉన్న మా అన్న ఒక్కడే. వెంటనే నాకు ఫోన్ చేశాడు. మన వీధి వదిలి కాలనీలో వేయిస్తే పరువేం కావాలన్నాడు. అన్నకు భయపడ్డానా? అలా అనుకుంటే కొంత తేలిగ్గా ఉంటుంది. కానీ మా ఇంటి ముందర ట్యాంకు లేస్తుందనీ, వచ్చేపోయేవాళ్ళు నా పేరు చెప్పుకుంటారనీ నాకూ ఆశ పుట్టింది. ఆ ఆశను అన్న నా చేతికివ్వలేదు, అది నాలో ముందే ఉంది.

కాలనీలో నీళ్ళు పడవన్నారని సంఘానికి చెప్పాను. ఓబులమ్మ తల వంచుకుని విన్నది. మా వీధిలోనే వేయిద్దామని నేనంటే అందరికన్నా ముందు చెయ్యెత్తింది కూడా తనే.

బోరు పడింది. కాలనీ ఆడవాళ్ళు హైవే దాటి వచ్చి పట్టుకునేవాళ్ళు. ఒకరోజు పొద్దున్నే బిందెతో తిరిగి పోతున్న ఓబులమ్మ చెల్లెల్ని లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయింది. ఓబులమ్మ పిల్లల్ని సాకుతున్నది ఆ పిల్లే. ఆమె పనిచేసే ఇంటి సేటు సెలవివ్వలేదు. మట్టి చేయడం ఓబులమ్మ ఫోన్లో చూసింది.

ఆ శుక్రవారం తోటలో ఆమె చుట్టూ కూర్చున్నాం.

"మా పక్క బోరు పడింటే నా చెల్లెలు బతికుండు గదన్నా" అంది.

నేను తల ఎత్తలేకపోయాను. ఆమె అది చూసి నన్నే ఓదార్చింది.

"నువ్వేల బాధపడతావన్నా? భూమిలో నీళ్ళు ల్యాకుంటే నువ్వేం జేస్తావు."

"ఊరుకో ఓబులమ్మా" అన్నాను. అంతే అన్నాను. ఆ క్షణంలో నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? నన్ను కొట్టేదా, తిట్టేదా? రెండూ నాకు దక్కవలసినవే. చెల్లెలు ఎందుకు పోయిందో తెలుసుకునే హక్కు కూడా ఆమెకు లేకుండా చేశాను.

ఇప్పటికీ ఆమె నన్ను అన్నా అనే పిలుస్తుంది.

కాలనీలో నీళ్ళున్నాయి. తెలిసే లేవన్నాను. ఇన్నేళ్ళలో ఈ మాట బయటికి రావడం ఇదే మొదలు. ఛాతీ మీద బరువు కొంచెం కదిలింది. దిగలేదు. దిగకూడదు కూడా. ఓబులమ్మకు ఇంకా చెప్పలేదు.