ఆకుపచ్చ చీటీకి పది గింజలు

మొన్న మా చర్చి కోత పండుగలో సంఘ పెద్ద సురేష్ బాబు గారి పుంజు అన్నిటికంటే తక్కువ పాటకు పోయింది. అది తన పుంజని ఆయనకు కూడా తెలియలేదు. తనదే అనుకుని పక్కనున్న ఆరో నంబరు పుంజు మీద పట్టుదలగా పాడుతూ పోయి, చివరికి దాన్ని చంకన పెట్టుకుని ఇంటికి వెళ్లారు. దొడ్లో వదిలితే అది గూటికి పోకుండా గేటు వైపు పోయింది. అప్పుడు అనుమానం వచ్చిందట.

ఆరో నంబరు రావమ్మది. రావమ్మ ఎ.కొండూరు వైపు మిరప కోతలకు వెళ్లే మనిషి. ఆమె కోడి పాటలో అందరికంటే పైన నిలవడం అదే మొదలు.

కోత పండుగ నాడు ఎవరికి పండినది వాళ్లు చర్చికి తెస్తారు. గుమ్మడికాయలు, కందులు, కోళ్లు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. పాడేవాళ్లు వస్తువును చూడరు, తెచ్చినవాళ్ల మొహం చూస్తారు. సంఘ పెద్ద పుంజును తక్కువకు పోనివ్వడం మర్యాద కాదు. పాస్టరు గారి అత్తగారి సొరకాయ దగ్గర ఎవరూ వెనక్కి తగ్గకూడదు. ఒక ఏడు ఆ సొరకాయ నేనే పాడుకున్నాను. ముదురుది. మా ఇంట్లో ఆ సంగతి ఇప్పటికీ ఎత్తుతారు.

ఈసారి కోళ్ల పని సుందరరాజుకు అప్పగించారు. అతను చర్చి వెనక బల్ల వేసి, దాని మీద కాటా పెట్టాడు. కోళ్ల కాళ్లకు నంబరు చీటీలు కట్టే పని భార్య జ్ఞానమణికి ఇచ్చి, ఆమె కడుతున్నంతసేపూ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఏ నంబరు ఎవరిదో ఆమె కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి, తన సంచిలో వేసుకుంది. తర్వాత అతను ఇటు తిరిగి ఒక్కో కోడినీ తూచి, నంబరు పక్కన బరువు బోర్డు మీద రాశాడు. పాట బోర్డును బట్టి నడిచింది. మిగతాది చెప్పాను కదా.

దీన్ని కొందరు కక్ష అన్నారు, కొందరు చాదస్తం అన్నారు. రెండూ కావు. సుందరరాజు ఇరవయ్యేళ్లు ఇలాగే పనిచేశాడు, ఒక్క వారం తప్ప.

ఆ ఇరవయ్యేళ్లూ అతను హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో జంతువుల గది చూసుకునేవాడు. కాంట్రాక్టు ఉద్యోగం. ఎలుకలు, కుందేళ్లు, చివరి రోజుల్లో హ్యామ్‌స్టర్లు. హ్యామ్‌స్టర్ అంటే ఏంటని రావమ్మ అడిగితే, తోక మర్చిపోయిన ఎలుక అని చెప్పాడు. రెండు బుగ్గల్లోనూ సంచులుంటాయి, దొరికిందంతా వాటిలో దాచుకుంటుంది, ఎవరినీ నమ్మదు. కరోనా దానికి మనిషికి వచ్చినట్టే వస్తుంది. అందుకని కొత్త రకం వైరస్ వచ్చినప్పుడల్లా పాత రకంతో పోల్చి చూడటానికి దాన్నే పిలుస్తారు. కొన్నిటికి ఈ రకం ఇస్తారు, కొన్నిటికి ఆ రకం, కొన్నిటికి వైరస్ లేని ఉత్త మందునీళ్లు. ఆ తర్వాత రోజూ ఒకే వేళకు తూస్తారు. జబ్బు ముదిరేకొద్దీ బరువు తగ్గుతుంది. ఏడో రోజున వాటిని చంపి ఊపిరితిత్తులు తీసి చూస్తారు. ఈ చివరి ముక్క చెప్పేటప్పుడు సుందరరాజు గొంతు ఏమీ మారదు.

అతను ఊరొచ్చిన కొత్తలో బస్టాండు దగ్గర ఆటో నడిపే ఇద్రీస్ వచ్చి, తనకు వచ్చింది డెల్టానో ఒమిక్రానో తేల్చమన్నాడు. బావమరిది తనది డెల్టా అని ఊరంతా చెప్పుకుంటున్నాడట, ఇతనిదేదో ఉత్త జలుబన్నట్టు మాట్లాడుతున్నాడట. సుందరరాజు శ్రద్ధగా విని, తేల్చాలంటే ఊపిరితిత్తులు బయటికి తీసి చూడాలన్నాడు. ఇద్రీస్ మళ్లీ అడగలేదు.

ఇక ఆ వారం. రెండువేల ఇరవై రెండు మొదట్లో, ఒమిక్రాన్ వచ్చిన కొత్తలో. దాన్నీ డెల్టానీ పక్కపక్కన పెట్టి చూసే పని చైతన్య సారుది. వయసులో సుందరరాజు కంటే చాలా చిన్నవాడు, అయినా గారూ అనే పిలిచేవాడు. పద్దెనిమిది హ్యామ్‌స్టర్లు, మూడు జట్లు. పంజరాలకు పసుపు చీటీ, నీలం చీటీ, ఆకుపచ్చ చీటీ. ఏ రంగులో ఏ రకం ఉందో వేరొకరు ఒక కవరులో రాసి, అంటించి ఇస్తే, సారు విప్పకుండా బీరువాలో పెట్టాడు. తూచేవాడికి చెప్పరు. తెలిస్తే చెయ్యి ఒక పక్కకు మొగ్గుతుందని. కావాలని కాదు, దానంతటదే.

సుందరరాజుకు రకం తెలియదు. కానీ కళ్లున్నాయి. మూడో రోజుకే ఆకుపచ్చవి ముడుచుకుని కూర్చోవడం మొదలైంది. బొచ్చు రేగింది. మేత బిళ్లలు ముట్టడం లేదు. చేతిలోకి తీసుకుంటే నిన్నటి బరువు లేదని కాటా కంటే ముందు అరచేతికి తెలిసేది. కొత్త పంజరాలకు అలవాటు పడేదాకా పెట్టమని లోపల ఉంచిన పొద్దుతిరుగుడు గింజల పొట్లం ఒకటి మిగిలి ఉంది. అతను ఆకుపచ్చవాటికి ఒక్కోదానికి పది గింజలు వేశాడు. బిళ్లలు ముట్టనివి గింజలు ముట్టాయి. ఆరో రోజు దాకా అలాగే వేశాడు. పసుపువాటికీ నీలంవాటికీ వేయలేదు. అవి అడగలేదు.

అడగడమంటే ఏంటని నేను ఒకసారి అడిగాను. చూడటం అన్నాడు.

ఆకుపచ్చ జట్టు బరువు తగ్గుతూ తగ్గుతూ నాలుగో రోజున మెట్టు మీద ఆగినట్టు ఆగింది. ఏడో రోజు ఊపిరితిత్తులు చూస్తే అన్నిటికంటే చెడిపోయినవి ఆకుపచ్చవే. ఆ రోజు అందరూ ఊపిరితిత్తులు చూశారు, బుగ్గలు ఎవరూ చూడలేదు.

బరువేమో బాగుంది, లోపలేమో బాగాలేదు. చైతన్య సారు రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు మంచి హుషారుగా జంతువుల గదికి వచ్చాడు. ఆకుపచ్చలో ఉన్న రకం ఏదైనా సరే, అది జబ్బును పైకి కనపడనివ్వడం లేదని చెప్పాడు. మనిషి తిని తిరుగుతూనే ఉంటాడు, లోపల ఊపిరితిత్తులు పోతుంటాయి. ఇది ఇంతవరకూ ఎవరూ చెప్పని సంగతి, డాక్టర్లు చికిత్స చేసే తీరే మారుతుంది, ఈ వారమే కవరు విప్పి, రాసి పంపుతున్నానన్నాడు. అదే ఊపులో ఇంకో మాట కూడా చెప్పాడు. సుందరరాజు పర్మినెంటు కాగితం తన టేబులు మీదకు వచ్చింది, సోమవారం సంతకం చేసి పైకి పంపుతాడు.

పర్మినెంటు కోసం సుందరరాజు పందొమ్మిదేళ్లుగా చూస్తున్నాడు. అది వస్తే పెన్షను వస్తుంది. రాకపోతే ఊళ్లో ఇంటికి రెండు పొలాల అవతల మామ గారి రేకుల షెడ్డు ఉంది. అతను సారుకు థాంక్స్ చెప్పి, మూడు రోజులు సెలవు పెట్టి తిరువూరు బస్సెక్కాడు.

జ్ఞానమణి ఇక్కడ అంగన్‌వాడీ టీచరు. భర్త హైదరాబాదులో ఎలుకల్ని తూస్తుంటే ఆమె తిరువూరులో పిల్లల్ని తూసేది. నెలనెలా తూచి, బరువులు చార్టు మీద గీత గీయాలి. పిల్ల బరువు తక్కువైతే అత్తగారు ఏమంటుందోనని తల్లులు పిల్లలకు పట్టీలు పెట్టి, స్వెట్టరు తొడిగి, కడుపు నిండా నీళ్లు తాగించి తెస్తారు. మే నెలలో కూడా స్వెట్టరు. ఆమె అన్నీ విప్పించి, బయట తిప్పించి, అప్పుడు తూసేది. ఈ విషయంలో ఆమెకు ఊళ్లో మంచి పేరేమీ లేదు.

శుక్రవారం మధ్యాహ్నం అతనికి గోంగూర పప్పు వడ్డిస్తూ, మొహం ఎందుకలా ఉందని అడిగింది. అతను గింజల సంగతి మొదలుపెట్టాడు. ఏదో అలవాటు గురించి చెబుతున్నాడనుకుని నెయ్యి వేసింది. బుగ్గ సంచుల దగ్గరికి వచ్చేసరికి గరిటె గిన్నెలో పెట్టేసింది.

"అంటే తూచేటప్పుడు బుగ్గల్లో గింజలున్నాయా?"

"కొన్ని ఉండే ఉంటాయి. కొన్ని తినేసుంటాయి."

"అయితే మీరు స్వెట్టరుతో తూశారన్నమాట."

సుందరరాజు పప్పన్నం కలుపుతూ ఉండిపోయాడు. ఎంతసేపు కలపాలో అంతకంటే ఎక్కువే కలిపాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదన్నాడు. చెబితే సోమవారం సంతకం ఉండదన్నాడు. ఆ రెండు వాక్యాలనే ముందుదాన్ని వెనక్కి, వెనకదాన్ని ముందుకి మార్చి మార్చి అన్నాడు. ఆమె అవునని గానీ కాదని గానీ అనలేదు. రేపు ఏ ఆసుపత్రిలోనో ఎవరో డాక్టరు బరువు తగ్గని మనిషిని చూసి, ఇది ఆ రకమేనని తప్పు మందు రాస్తాడా అని మాత్రం అడిగింది. రాయొచ్చన్నాడు.

ఆమె లేచి మజ్జిగ తెచ్చి పోసింది.

"ఫోను ఛార్జింగులో ఉంది," అంది. "తిన్నాక తీసుకోండి."

తిన్నాక తీసుకున్నాడు. సిగ్నలు కోసం డాబా ఎక్కాడు. పక్క తోటలో మామిడి పూత మీద మందు కొడుతున్నారు, ఆ మోటారు చప్పుడులో మొత్తం చెప్పడానికి కాస్త గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. ఆ వీధిలో అతని తప్పు గురించి సారు కంటే ముందు విన్నవాళ్లున్నారు.

లైను పోయిందేమోనని సుందరరాజు రెండుసార్లు హలో అన్నాడు.

"ఎన్ని గింజలు?" అన్నాడు చైతన్య సారు.

"ఒక్కోదానికి పది సార్. ఆదివారం పదిహేను."

"ఆదివారం ఎందుకు?"

"ఆదివారం కదా సార్."



"వచ్చి అంతా రాసివ్వండి రాజు గారూ. ఏ రోజు ఎన్ని వేశారో. ఆ కాగితం మీ ఫైలులోకి వెళ్తుంది, నేను ఆపలేను."

"తెలుసు సార్."

"ఆదివారం పదిహేనని కూడా రాయండి."

వెళ్లి రాసిచ్చాడు. ఆ కాగితం పర్మినెంటు కాగితానికి పైన చేరింది, సంతకం పెట్టాల్సిన చోటు దాని కింద పడిపోయింది. సారు తన కొత్త సంగతిని పంపకుండా మడిచి పెట్టేసి, కవరు విప్పకుండా, అవే రంగు చీటీలతో మళ్లీ పద్దెనిమిది హ్యామ్‌స్టర్లు తెప్పించాడు. తూచే పని మళ్లీ సుందరరాజుకే ఇచ్చాడు. గింజల పొట్లం మాత్రం తన జేబులో వేసుకుని పోయాడు. ఈసారి పసుపువి పెరిగాయి. నీలంవి కొద్దిగా తగ్గి లేచాయి. ఆకుపచ్చవి తగ్గుతూనే పోయాయి. అవి అడిగాయా అన్నాను. అడిగాయన్నాడు. ఆ ఏడు రోజులూ అతను గదిలోంచి బయటికి వచ్చి అన్నం సరిగ్గా తినలేదని జ్ఞానమణి చెప్పింది, అతను చెప్పలేదు.

చివరి రోజు సారు కవరు విప్పాడు. ఆకుపచ్చ డెల్టా. నీలం ఒమిక్రాన్. పసుపు మందునీళ్లు. బరువులూ ఊపిరితిత్తులూ ఒకే మాట చెప్పాయి. ఆ రకం జబ్బును దాచలేదు, దాచింది బుగ్గలు.

ఆ పరిశోధన అచ్చయ్యింది. పదకొండు మంది పేర్లున్నాయి, సుందరరాజు పేరు లేదు. కానీ ఒకచోట, ఆహార నియమం తప్పినందున మొదటి విడత లెక్కలు పక్కన పెట్టామని ఒక వాక్యం ఉంది. చైతన్య సారు దాని కింద పెన్సిలుతో గీత గీసి కాపీ పంపాడు. అచ్చులో నీ గురించి ఏం రాశారని ఎవరైనా అడిగితే సుందరరాజు ఆ గీత చూపిస్తాడు. మరుసటి ఏడు కాంట్రాక్టు అయిపోయింది. పర్మినెంటు రాలేదు. పెట్టెతో పాటు, ఆఫీసులో పక్కన పడేసిన పాత కాటా ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. ఇప్పుడు రేకుల షెడ్డులో నాటుకోళ్లు పెంచి, విస్సన్నపేట దాకా అమ్ముతాడు. కొనేవాళ్ల ఎదుటే తూస్తాడు. తూచే ముందు కోడి పొట్ట తడిమి, మేత నిండుగా ఉంటే రేపు రమ్మంటాడు. అందువల్ల వ్యాపారం నెమ్మది.

కోత పండుగ అయిన మరుసటి ఆదివారం, ఆరాధన తర్వాత, సురేష్ బాబు గారు అతన్ని చర్చి మెట్ల దగ్గర పట్టుకున్నారు. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, మందలింపు కూడా వరసలో ఉంటుంది. తను ఎన్నేళ్లుగా సంఘ పెద్దో చెప్పారు. ఆ పుంజును పిల్లలా పెంచిన సంగతి చెప్పారు. చర్చి కాంపౌండులో అందరి ముందూ తన కోడి చివర నిలబడిందన్నారు. రావమ్మ కొంచెం దూరంలో చెప్పులు వెతుక్కుంటున్నట్టు నిలబడి వింటోంది. చెప్పులు ఆమె కాళ్లకే ఉన్నాయి.

"ఊళ్లో వాళ్లకు తెలియకపోతే పోనీ రాజూ," అన్నారు చివరికి. "నా పుంజు ఏదో కనీసం నీకైనా తెలిసుండాల్సింది."

సుందరరాజు ఆలోచించే చెప్పాడు.

"తెలిసుంటే దానికి గింజలు పెట్టేవాణ్ణండి."