వేళ్ళతో చూసిన రైలు గేటు

ఆవిడని వీధిలో అందరూ పళ్ళక్క అంటారు. ముప్పై ఏళ్ళుగా పళ్ళ సెట్లు తయారుచేసే పని. డాక్టరు పంపిన అచ్చు చూసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కొక్క పన్నూ పేర్చి, ఎవరి నవ్వు వాళ్ళకి తిరిగి పంపేది. పని ఆలస్యమైందని ఎవరైనా విసుక్కుంటే, "ఊళ్ళో సగంమంది నా పళ్ళతోనే నన్ను తిడుతున్నారు" అనేది.

పళ్ళక్క తండ్రి రైలు గేటు కాపలాదారు. పట్టాల పక్క ఒంటిగది ఇంట్లోనే ఆవిడా, చెల్లెలూ పెరిగారు. బండి వచ్చే ముందు నాన్న చక్రం తిప్పి గేటు దించి, పచ్చజెండా పట్టుకుని నిలబడేవాడు. గూడ్సు బండి పోతుంటే అక్కాచెల్లెళ్ళు పెట్టెలు లెక్కపెట్టేవారు. అక్క నలభై రెండంటే చెల్లెలు నలభై మూడనేది. ఇక జుట్లు పట్టుకోవడమే. తర్వాత ఆ లైను ఎత్తేశారు. గేటూ పోయింది, గదీ పోయింది.

ఆ గేటునే పళ్ళక్క వెనకగదిలో, తలుపంత బల్ల మీద మళ్ళీ కట్టుకుంది. మూడేళ్ళు పట్టింది. అట్టతో గోడలు, అగ్గిపుల్లలతో కిటికీ ఊచలు, వేలెడంత నాన్న. బొమ్మ ఇంజను ఆరు పెట్టెల్ని లాక్కుంటూ బల్ల చుట్టూ తిరిగేది. పైన అద్దం మూత. దాని మీద దుమ్మూ పడనిచ్చేది కాదు, ఎవరి చెయ్యీ పడనిచ్చేది కాదు.

బొమ్మ పూర్తయిన ఏడే చెల్లెలు వచ్చి ఆవిడ దగ్గర ఉండిపోయింది. లెక్కల టీచరు. చూపు మందగిస్తూ వచ్చి, నల్లబల్ల మీద తను రాసిన అంకెలే తనకి కనబడక ఉద్యోగం మానేసింది. వెలుగుకీ చీకటికీ తేడా తప్ప ఏమీ తెలియని స్థితికి వచ్చినా నోరు మాత్రం తగ్గలేదు.

ఒకరోజు పొద్దున్నే వెనకగదిలో పటుక్కుమని చప్పుడైంది. పళ్ళక్క పరిగెత్తి వచ్చేసరికి అద్దం మూత తీసి ఉంది. గేటు పక్క గది పైకప్పు నలిగిపోయి చెల్లెలి అరచేతి కింద ఉంది.

"ఏం పని చేశావే! మూడేళ్ళ కష్టం అది!"

"చూద్దామనుకున్నానక్కా," అంది చెల్లెలు. చెయ్యి తీస్తే ఇంకేం విరుగుతుందోనని అలాగే ఉంచేసింది.

ఆ గేటు ఇంకా గుర్తున్నవాళ్ళు ఇద్దరే. అందులో ఒకరు చూడలేని బొమ్మ ఎంత బాగుంటే మాత్రం ఏం లాభం? చెల్లెలి వేళ్ళకి అంటుకున్న అట్టముక్కలు ఒక్కొక్కటే తీసింది. మర్నాడు బల్ల మీదవన్నీ తనే పీకేసింది.

ఈసారి పళ్ళ సెట్ల సరుకుతోనే మొదలుపెట్టింది. నమిలితేనే అరగనిది నిమిరితే అరుగుతుందా అని ఆవిడ ధీమా. గోడలు ప్లాస్టరుతో పోసింది. గేటు కర్రా, నాన్నా, నాన్న చేతిలో జెండా అన్నీ చిగుళ్ళు చేసే గులాబీరంగు ప్లాస్టిక్కే. విరగకుండా ఉండాలని నాన్నని కాస్త బొద్దుగా చేసింది. టూత్‌బ్రష్షుల కుచ్చులు కత్తిరించి గడ్డిలా నాటింది. పెట్టె దాటినప్పుడల్లా టక్కుమనేలా పట్టాల మీద ఆకురాయితో గాట్లు పెట్టింది.

చెల్లెలు తడిమి తడిమి తప్పులు పట్టేది.

"గదికి మెట్లు నాలుగు పెట్టావేంటి? మూడేగా!"

"నాలుగే. నాలుగో మెట్టు మీంచి నువ్వు పడ్డావు కూడా."

"మూడో మెట్టు మీంచి. అదీ నువ్వు తోస్తే."

పళ్ళక్క గొణుక్కుంటూ ఒక మెట్టు చెక్కేసింది.

ఇంకోరోజు చెల్లెలు, "నాన్నకి కుడిభుజం కిందికి జారి ఉండేదక్కా, చక్రం తిప్పీ తిప్పీ," అంది.

పళ్ళక్క పని ఆపేసింది. అన్నేళ్ళు చూసినా తన కంటికి ఆనని సంగతి అది. మైనం వేడిచేసి నాన్నని మొదటినుంచీ దిద్ది, ఆ అచ్చుతో మళ్ళీ ప్లాస్టిక్కులో పోసింది. చెల్లెలు ఆ భుజాన్ని బొటనవేలితో రెండుసార్లు రాసి చూసింది. "ఆఁ, నాన్నే," అంది.

చెల్లెలికి కర్రతో నడవడం నేర్పే ఆవిడ చెవిన ఈ బొమ్మ గేటు సంగతి పడింది. తన దగ్గర నేర్చుకునేవాళ్ళని తీసుకురావచ్చా అని అడిగింది.

"ఏదైనా విరిగితే?" అంది చెల్లెలు.

"విరిగితే అతికిస్తాను. బతుకంతా చేసింది అదేగా," అంది పళ్ళక్క.

అప్పట్నుంచి ఆదివారాలు నలుగురైదుగురు వస్తున్నారు. చెల్లెలు వాళ్ళ చేతులు పట్టుకుని పట్టాల వెంబడి తిప్పుతుంది. పళ్ళక్క స్టూలు మీద కూర్చుని, ఊడింది ఊడినట్టు అక్కడికక్కడే అతికించేస్తుంది.

మొన్నటి ఆదివారం కుర్చీలు అల్లే పెద్దాయన ఒకాయన వచ్చాడు. పుట్టుకతోనే చూపు లేదు. గేటు కర్ర లేపాడు, దించాడు, మళ్ళీ లేపాడు. వెనక జనం ఉన్నారన్నా వదల్లేదు.

"గేటు పడిందంటే ఇదన్నమాట!" అన్నాడు. "బస్సులో ఎన్ని గంటలు కూర్చున్నానో దీనివల్ల! పైనుంచి దిగుతుందని ఒక్కరూ చెప్పలేదమ్మా. తలుపులా పక్కకి మూస్తారనుకున్నాను."

చెల్లెలు పకపకా నవ్వింది. పళ్ళక్క స్టూలు మీంచి లేచి, స్విచ్చి మీద చెయ్యి వేసింది.

"దించి అలాగే పట్టుకోండి బాబాయ్‌గారూ," అంది. "బండి వదులుతున్నాను."