గట్టి చేసిన దరఖాస్తు

పెదబయలులో నాది ఆన్‌లైన్ సెంటరు. పీడీఎఫ్ దరఖాస్తుల గళ్లలో వివరాలు టైపు చేసి, చివర్లో ఫ్లాటెన్ చేసి పంపుతాను. అంటే గళ్లు మాయమై, రాసిందంతా కాగితానికి అతుక్కుపోతుంది. ఆపైన ఎవరూ అక్షరం కదపలేరు. అలా చేయకుండా ఒకసారి పంపితే ఆఫీసులో గళ్లన్నీ ఖాళీగా కనిపించాయట, నాకు చీవాట్లు పడ్డాయి. అప్పటినుంచి ముందు ఫ్లాటెన్, తర్వాతే ఆలోచన. జనానికి మాత్రం ‘కాగితం గట్టి చేస్తున్నాను’ అని చెబుతాను.

కొండ మీది ఊరి నుంచి ఒక పెద్దావిడ పోడు పట్టా కోసం వచ్చింది. మొగుడు పోయాక ఆమెకు ఆ కొండవాలు నేలే ఆధారం. ప్రస్తుతం సాగులో ఉందా అన్న గడి దగ్గర ఆగి ఆమెను అడిగాను.

“లేదు బాబూ. నేల అలిసిపోనాది, ఒగ్గీసినాం. ఇంకో రెండేళ్లు పోతే సామ సల్లుతాం.”

పోడు పద్ధతే అంత. కొన్నేళ్లు పండించి, కొన్నేళ్లు వదిలేస్తారు. వదిలిన నేల కూడా వాళ్ల లెక్కలో సాగే. ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను, నాకది తెలుసు. కానీ బయట ఆరుగురు నిలబడి ఉన్నారు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ‘లేదు’ మీద టిక్కు పెట్టి, గట్టి చేసి, పంపేశాను.

సాగులో లేదు కనుక పట్టా ఇవ్వలేమని జవాబొచ్చింది. ఆమెకు చదివి వినిపించాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

“నువ్వేటి సేత్తావు బాబూ, నాను సెప్పిందే రాసినావు,” అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. మరోసారి పెట్టుకోవచ్చని, ఈసారి ఆ పద్ధతంతా వివరంగా రాస్తానని, వారంలో రమ్మని చెప్పాను.

ఆమె వానలు పడ్డాక గానీ రాలేదు. గోళ్ల నిండా మట్టి.

“తుప్పలు కొట్టీసినాను. సామ సల్లీసినాను. ఇప్పుడు ఉందని రాయి.”

“ఇంకా రెండేళ్లు ఒగ్గాలన్నావు కదమ్మా. పండుతుందా?”

“పండదు,” అంది. “బేగి గట్టి సెయ్యి బాబూ.”

‘అవును’ మీద టిక్కు పెట్టాను. నొక్కే ముందు మొత్తం రెండుసార్లు చదివి వినిపించాను. ఒక్క తప్పు లేదు. నొక్కాను.