చింతగింజ రాలే పెట్టె

1986లో తిరుపతి బస్టాండు దగ్గర దామోదరం వీడియో గేముల అంగడి పెట్టినప్పుడు ఊరంతా తెర మీద ఏముందో చూసింది. మా మునిరత్నం ఒక్కడే పెట్టె వెనక్కి పోయి లోపల ఏముందో చూశాడు. వాడికి చిన్నప్పటినుంచీ అదే జబ్బు. నా టైపు ఇన్‌స్టిట్యూట్ పక్కనే వాడి రేడియో రిపేరు అంగడి, కాబట్టి ఆ జబ్బు ముదిరిన తీరు నాకు తెలుసు.

ఆటపెట్టెలు చెడితే దామోదరం వాణ్ణే పిలిచేవాడు. ఒకరోజు వీడు ఊరుకోకుండా, “అన్నా, ఇట్లాటిది మనమే సేస్తే?” అన్నాడు.

“గంగ జాతర లోపల ఒకటి సేసి సూపీ. జనం నిలబడి ఆడితే నీకు ఆటలు సేసే పనే ఇస్తా. ఆడకపోతే మళ్ళా ఈ మాట ఎత్తగూడదు” అన్నాడు దామోదరం.

జాతరకు మూడు నెలలుంది. పాత రేడియోలతో బతుకు తెల్లారిపోతుందేమోనని మునిరత్నానికి భయం. ఆ భయం నా దగ్గర దాచుకోలేదు కూడా.

కానీ ఆట చేయాలంటే ఏం నేర్చుకోవాలి? తలొకరు తలొకటి చెప్పారు. చిత్తూరులో కంప్యూటరు క్లాసుకు పోయాడు. గుడికి పోయినట్టు చెప్పులు బయట విప్పించి, పన్నెండు మందిని ఒక్క కంప్యూటరు ముందు కూర్చోబెట్టారట. రెండు వారాల్లో వాడి చేతికి అది అందింది రెండే సార్లు. తర్వాత సినిమా బోర్డులు రాసే చెంగయ్య దగ్గర బొమ్మలు దిద్దాడు. వీడు వేసిన పులిని చూసి, పిల్లి బాగా కుదిరిందన్నాడు చెంగయ్య.

“రెండు పడవల మీద కాళ్ళు పెట్టినోళ్ళను సూసినా. నువ్వు నాలుగింటి మీద పెడతాండావు. మనిసివా, పశువువా?” అని వాళ్ళమ్మ గంగులమ్మ దులిపేసింది.

చివరికి తనకు వచ్చిన రేడియో పనితోనే, అరుగుల మీద గీసుకుని ఆడే పులి-మేకల ఆటకు, అదే పులిజూదానికి, ఒక పెట్టె చేశాడు. పులి ఉన్నచోట ఎర్ర బల్బు, మేక ఉన్నచోట పచ్చ బల్బు. పులి మేకను దాటితే పచ్చ బల్బు ఆరిపోతుంది. నేనైతే మీట మళ్ళీ మళ్ళీ నొక్కి చూశాను.

జాతరకు పదిరోజుల ముందు దాన్ని కాణిపాకంలో ఒక సత్రం అరుగు మీద పెట్టి చూశాం. జనం మూగారు, రెండుసార్లు మీట నొక్కారు, పోయారు. పక్క అరుగు మీద మాత్రం ఇద్దరు ముసలోళ్ళు సుద్దతో గీసుకుని, చింతగింజలతో అదే ఆట అరుచుకుంటూ ఆడుతున్నారు. మునిరత్నం ముఖం మాడిపోయింది.

“ఎందుకుమా పోతాండారు?” అన్నాడు, వెంట వచ్చిన వాళ్ళమ్మతో.

“మేకను సంపితే గింజ సేతికి రావల్ల గదరా! దాన్ని పిడికిట్లో పెట్టి ఎదుటోడి ముందర ఆడించకపోతే గెలిసి ఏం సుఖం? నీ పెట్టెలో దీపం ఆరిపోతాది. మేక యాడికి పోయినట్టు?”

నాకూ సిగ్గేసింది. పుట్టినప్పటినుంచీ ఆడిన ఆట ఇద్దరం మరిచిపోయాం. ఆ పూటంతా మునిరత్నం తన పెట్టె వైపు చూడలేదు, ఆ ముసలోళ్ళ చేతులే చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చి పాత కరెంటు గంటలోని అయస్కాంతం పీకి, గింజలకు అడ్డుపెట్టిన రేకును లాగేలా పెట్టెలో బిగించాడు. ఇప్పుడు పచ్చ బల్బు ఆరగానే ఒక చింతగింజ టక్కుమని కింది గిన్నెలో పడుతుంది.

జాతరలో గంగమ్మ మొక్కు కోసం ఆడవేషం కట్టిన ఒక మొగోడు చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి పెట్టె ముందు కూర్చున్నాడు. మొదటి గింజ పడగానే పిడికిట్లో పెట్టి ఆడించి ఎదుటివాణ్ణి వెక్కిరించాడు. ఇక జనం కదిలితే ఒట్టు! ఆ వేషం కట్టినవాణ్ణి మాత్రం, మొక్కు సంగతి మరిచిపోయాడని వాళ్ళ వాళ్ళొచ్చి లాక్కుపోయారు.

దామోదరం చాలాసేపు చూసి, “రేపటినుంచి పనిలోకి రాప్పా. ఇంతకీ ఇప్పుడేం నేర్సుకుంటావు, కంప్యూటరా, బొమ్మలా?” అన్నాడు.

మునిరత్నం కళ్ళు తుడుచుకుని నవ్వాడు.

“రెండూ నేర్సుకుంటాన్నా. ముందు మాయమ్మతో ఆడల్ల. ముప్పై ఏండ్లొచ్చినా ఆమె మీద ఒక్క ఆట గెలవలే.”