మూడు దాటితే చాయ్ ముట్టని దేవరాజు

దేవరాజు ఎవరు ఎదురైనా అడిగేది ఒక్కటే ప్రశ్న: "నీదెంత?"

వయసు కాదు, జీతం అంతకన్నా కాదు. ఆ మనిషికున్న మొత్తం అప్పును, ఖర్చులన్నీ పోను ఏడాదికి మిగిలే సంపాదనతో భాగిస్తే ఎంతొస్తుందో అది చెప్పాలి. రెండొస్తే రెండేళ్లలో తీరే అప్పు. మూడొస్తే మూడేళ్లు. మూడు దాటితే దేవరాజు లెక్కలో ఆ మనిషికి జ్వరమొచ్చినట్టే.

ఆయన వనపర్తిలో ఒక బ్యాంకుకు ఫీల్డాఫీసరు. అప్పు కోసం వచ్చినవాళ్లనే అడిగితే ఉద్యోగధర్మం అనుకోవచ్చు. ఆయన బస్సులో కండక్టర్ని అడిగేవాడు, క్షవరం చేయించుకుంటూ మంగలిని అడిగేవాడు. ఒకసారి దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే తీయబోతూ ఊపిరి బిగపట్టమంటే, "బిగపడ్త గానీ సార్, ఈ మిషన్ అప్పు మీద తెచ్చిండ్రా? మీదెంత?" అన్నాడట. ఎక్స్‌రే చెడిపోయింది. డాక్టరుది మాత్రం ఒకటింపావు అని తేలింది.

శ్రీరంగాపూర్ గుడికెళ్తే ప్రసాదం రెండుసార్లు అడిగి తినేవాడు. "రంగనాయకస్వామి మీద అప్పేం లేదు. నిమ్మళంగ తినొచ్చు. తిరుపతి ఆయనదే జర పరేషాన్. కుబేరునికి ఇప్పటికీ వడ్డీనే కడ్తుండు. ఆడికి పోతే నేను ఒక్క లడ్డుతోనే ఆగుత" అనేవాడు.

అన్నిటికన్నా పెద్ద తంటా చాయ్‌తో. అంకె మూడు లోపు ఉన్న ఇంట్లోనే ఆయన చాయ్ తాగేవాడు. ఒకటి లోపుంటే బిస్కెట్ కూడా అడిగేవాడు. మూడు దాటిందా, మంచినీళ్లే. ఈ సంగతి ఊరంతా తెలుసు గనుక, దేవరాజు ఏ గడప తొక్కినా ఇరుగుపొరుగు కిటికీల్లోకి వచ్చేవాళ్లు. కిరాణాకొట్టు బాలయ్యైతే ఆయన ఏ ఇంట్లో ఏం తాగాడో కనుక్కునే ఉద్దెర ఇచ్చేవాడు. పాపం రేణుకమ్మ ఒకసారి అల్లం, ఏలకులు దంచి వేసి, గ్లాసు ఆయన ముక్కు దగ్గరే పట్టుకుని నిలబడింది. "వాసన చూసిన తల్లీ, బాగుంది" అని నీళ్లు తాగి లేచాడు.

ఇలాంటి మనిషి తన కంపెనీని తనిఖీ చేయడానికి వస్తున్నాడంటే శాంతయ్యకు రాత్రి అన్నం ఎట్లా సహిస్తుంది?

శాంతయ్యకు నాగర్‌కర్నూలు దారిలో ఒక గుట్ట లీజుకుంది. గుట్ట నిండా పలుగురాయి. ముప్పైమంది కూలీలు దాన్ని కొట్టి, ఏరి, లారీలకెత్తితే గాజు ఫ్యాక్టరీలు కొనుక్కునేవి. మైనింగ్ కంపెనీ అని బోర్డుంది గానీ, బోర్డు కింద ఉన్నది ఒక రేకుల షెడ్డు, దాని పక్కన రాయికి బెజ్జాలేసే డ్రిల్లు నడవడానికి గాలినిచ్చే ఒక ముసలి కంప్రెషర్. అది పొద్దున్నుంచీ దగ్గుతూనే ఉండేది. దసరా దాటదని మెకానిక్ తేల్చేశాడు. అది ఆగితే గుట్ట ఆగుతుంది. గుట్ట ఆగితే ముప్పైమందీ, ముందే అడ్వాన్సులిచ్చి కూలీలను తోలుకుపోయే మేస్త్రీ జీపెక్కి, బొంబాయికో పూనాకో మట్టిపనికి పోవాల్సిందే.

కొత్తది లక్షా యాభైవేలు. దానికే బ్యాంకులో అప్పు అడిగాడు. పాత అప్పు లక్షా నలభై. కలిపితే రెండు లక్షల తొంభై. ఏడాదికి మిగిలేది లక్ష. శాంతయ్య వేళ్ల మీద పదిసార్లు లెక్కపెట్టుకున్నాడు. రెండు పాయింట్ తొమ్మిది! మూడు లోపే. భార్య కౌసల్యమ్మతో పాలు చిక్కగా కాచమని చెప్పి, ఫ్లాస్కు గుట్ట మీదికి తెచ్చుకున్నాడు.

ఒక్కటే దాచాడు. గద్వాలలో ఒక చీరల వ్యాపారి దగ్గర నూటికి నెలకు రెండున్నర వడ్డీతో తెచ్చిన ఎనభైవేలు. ఆ సంగతి కౌసల్యమ్మకు కూడా తెలియదు.

దేవరాజు లూనా మీద వచ్చాడు. కాగితాలన్నీ చూశాడు. "రెండు పాయింట్ తొమ్మిది" అని తనే చదివాడు. శాంతయ్య గబగబా చాయ్ పోసి చేతికిచ్చాడు. దేవరాజు గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. గ్లాసుతోనే గుట్ట మీదికి నడిచాడు. శాంతయ్య వెనకాలే నడిచాడు, కళ్లు గ్లాసు మీదే పెట్టి.

అక్కడ కూలీలకు పెద్దదిక్కు బాలమ్మ రాళ్లు ఏరుతోంది.

"బాలమ్మా, పోయినేడు నీది రెండుండె గద. ఇప్పుడెంత?"

"సున్న సారూ!" అంది బాలమ్మ, నడుముకు చేతులు పెట్టుకుని.

"కురుమూర్తీ, నీదో?"

"నాది గూడ సున్ననే సార్."

"అబ్రహాం?"

"సున్న."

దేవరాజు ముప్పైమందినీ అడిగాడు. ఏళ్ల తరబడి ఆయన అడగ్గా అడగ్గా వాళ్లకు అలవాటైపోయింది. బడిలో హాజరు పలికినట్టు టకటకా చెప్పేశారు. ముప్పై సున్నాలు! శాంతయ్య తన కాగితాల్లో అప్పు దాచాడు గానీ, ముప్పై నోళ్ల సంగతి మరిచిపోయాడు.

"గింతమందివి ఒక్కపారే ఎట్ల తీరినయి బాలమ్మా?"

"మేస్త్రీ అడ్వాన్సులుండె గద సార్. మా శాంతయ్య సేటే అందరివీ కట్టిండు. లేకుంటే ఉప్పునుంతల దిక్కు మా తమ్ముండ్లు పోయినట్టు మేం గూడ జీపెక్కి పోతుంటిమి. ఆయన సల్లగుండాలె" అని బాలమ్మ దండం కూడా పెట్టింది.

దేవరాజు వెనక్కి తిరిగాడు. "శాంతయ్యా, అప్పు ఎండకు ఆరిపోయేది కాదు. వీళ్ల దగ్గర లేదంటే ఇంకో దిక్కుకు పోయింది. ఏ దిక్కుకు?"

శాంతయ్య కాసేపు గుట్ట చూశాడు, కాసేపు కంప్రెషర్ చూశాడు. "గద్వాలకు సార్" అన్నాడు చివరికి. "ఎనభైవేలు."

దేవరాజు గ్లాసు రాయి మీద పెట్టి వేళ్లు మడిచాడు. ఏడాదికి వడ్డీయే ఇరవైనాలుగు వేలు. అది పోతే లక్షలో మిగిలేది డెబ్భైఆరు. అప్పేమో మూడు లక్షల డెబ్భై. "అయిదుకు జర తక్కువ" అన్నాడు. ఈగ ఒకటి వచ్చి చాయ్‌లో పడింది.

"నేను గీ కంపెనీకి కొత్త అప్పు ఇయ్యలేను శాంతయ్యా."

శాంతయ్య అక్కడే ఒక రాయి మీద కూర్చున్నాడు. ఆశ్చర్యమేమిటంటే, కంప్రెషర్ పోయిందన్న దుఃఖం కన్నా గద్వాల మాట బయటపడ్డదన్న తేలికే ఆ క్షణం ఎక్కువ అనిపించింది. ఆరునెలలుగా ఆ ఎనభైవేలను ఒక్కడే మోస్తున్నాడు మరి.

"కంపెనీకి ఇయ్య అన్న గానీ, అసలే ఇయ్య అన్ననా?" అన్నాడు దేవరాజు. "గీ ముప్పై సున్నలు నా సర్వీసుల ఎన్నడు చూడలే. బాలమ్మా, తలకు అయిదువేలు మీకే ఇస్త. ముప్పై అయిదులు లక్షా యాభై. కంప్రెషర్ మీదైతది."

బాలమ్మ ఎగిరి రెండడుగులు వెనక్కి పడింది. "మల్ల అప్పా! ఒద్దు సార్, మీ కాల్మొక్త!"

"మేస్త్రీ అప్పు నిన్ను పట్కపోతది. గీ అప్పుకు నీ దగ్గర మిషనుంటది. శాంతయ్యా, గీ ముసల్దాని రిపేర్లకు నెలకు ఎంత పెడ్తున్నవ్?"

"అయిదువేలు, సార్."

"అదే వీళ్లకు కిరాయి కట్టు. ఏడాదికి అరవై వేలు. వీళ్లది రెండున్నర. కొత్త అప్పు లేదు గనక, గద్వాలది కలిపినా నీది మళ్ల రెండు పాయింట్ తొమ్మిది. ఇగ చాయ్ ఇంకోటి పొయ్యి, గిండ్ల ఈగ పడ్డది."

బ్యాంకులో మేనేజరు ఎగిరిపడ్డాడు. రాళ్లు కొట్టుకునేవాళ్లకు పూచీ ఎవరన్నాడు. అప్పు కట్టడం ఏమాత్రం ఆగినా నీ ఉద్యోగానికి ముప్పన్నాడు. దేవరాజు ముప్పై ఫారాల మీదా సిఫారసు చేసిన అధికారిగా తన సంతకం పెట్టాడు. కూలీల్లో చాలామందికి రాయడం రాదు కాబట్టి నాలుగు రోజులు సెలవు పెట్టి, గుట్ట మీద బండరాయి మీద కూర్చుని ఫారాలన్నీ తనే నింపాడు.

మూడోరోజు శాంతయ్య ఉండబట్టలేక అడిగాడు: "సార్, ఒక మాట. అందర్ని గట్ల నీదెంత నీదెంత అని ఎందుకడుగుతరు?"

దేవరాజు తల ఎత్తలేదు. "మా నాయిన అప్పు చేసి ఎవ్వరికీ చెప్పలే. మొకం చెల్లక ఒకనాడు ఊరిడిసి పోయిండు. పోయినంక మా అమ్మ లెక్క తీసింది. ఎంతో తెల్సా? మూడు. అంతే. అమ్మ మూడేండ్లల్ల తీర్చి కూసుంది. ఆయనేమో పదేండ్లకు, గడ్డం పెంచుకోని వచ్చిండు."

"అయ్యో!"

"ఏం అయ్యో? అమ్మ తిట్టింది జూడు, ఆ గడ్డం తెల్లారేసరికి లేదు" అని నవ్వాడు దేవరాజు. "ఆయనను ఎవరన్న ఒక్కలు అడుగుతే చెప్తుండె శాంతయ్యా. అప్పున్నోన్ని మొకం మీద అడుగొద్దని అందరు మర్యాదకు ఊకున్నరు. నాకు గంత మర్యాద లేదు. ఏదీ, కురుమూర్తిని పిలువు, వాని నాయిన పేరేందో తెల్వదు."

శాంతయ్య వెళ్లి కురుమూర్తిని పిలుచుకొచ్చాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్లి కౌసల్యమ్మకు గద్వాల సంగతి చెప్పాడు. ఆమె గంటసేపు తిట్టి, అన్నం పెట్టింది.

దసరాకు నాలుగు రోజుల ముందు కొత్త కంప్రెషర్ వచ్చింది. పండుగ మర్నాడు మేస్త్రీ జీపు కూడా వచ్చింది, సంచిలో అడ్వాన్సు డబ్బుతో. బాలమ్మ తాపీగా గుట్ట దిగి వచ్చింది.

"ఏమ్మా, ఎంతమంది వస్తరు?" అన్నాడు మేస్త్రీ.

"మనుషులైతే లేరయ్యా. రాయి కావాల్నంటే చెప్పు, అమ్ముతం."

పక్కనే ఉన్న శాంతయ్య గుడ్లు తేలేశాడు. "అది నా రాయి గద బాలమ్మా!"

"మిషన్ మాది గద సేటూ! జర ఆగు, బేరమాడనియ్యి" అంది బాలమ్మ. శాంతయ్య నోరు మూసుకుని ఆగాడు.