బెల్లానికి దిగని దుమ్ము

సాయంత్రం అయిదుంబావుకు నాయన పెరట్లో నిలబడి బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు. తర్వాతే నీళ్లు, స్నానం. కోయంబత్తూరులో మిల్లు యంత్రాలకు ఇనుప భాగాలు పోతపోసే ఫౌండ్రీలో ఆయన పని ఇసుక కొట్టడం. గొట్టంలోంచి గాలితో దూసుకొచ్చే ఇసుకను పోతల మీదికి పట్టి, అంటుకున్న మడ్డి రాల్చాలి. ముక్కుకూ నోటికీ తడి తువ్వాలు. గంటలో అది అట్ట కట్టేది.

ఇసుక ఎంచేదీ ఆయనే. లారీ వస్తే గుప్పెడు తీసి అరచేతిలో రుద్ది, ఊది చూసేవాడు. మట్టి ఎగిరితే వెనక్కి పంపేవాడు. తెల్లగా, పలుకు పదునుగా ఉన్నదే కావాలి. ఉడుమలైపేట వైపు ఏటి ఇసుక దొరికితే ఆ పూట అన్నం దగ్గర కూడా దాని మాటే.

బెల్లం ఫౌండ్రీ గేటు దగ్గరే పంచేవారు. అది దుమ్మును పట్టి కడుపులోకి దించేస్తుందని మేస్త్రీ నుంచి మా అమ్మ దాకా అందరి నమ్మకం. నాకు చూడబుద్ధయ్యేది కాదు. ముక్క మీద ఆయన వేళ్ల దుమ్ము. నమిలితే కరకర. ఉమ్మితే నల్లటి జిగురు, నేలను వదిలేది కాదు.

"తువ్వాలు చాలదు నాయనా, మంచి ముసుగు అడుగు," అన్నాను ఒకసారి.

"బెల్లం ఉండాది కదా కన్నూ. నీ పుస్తకంలో అది రాయలేదా?" అని నవ్వాడు. నవ్వు దగ్గయింది. అమ్మ ఉమ్మడానికి బూడిద పోసిన డబ్బా అందించింది.

నాయన మెట్టెక్కలేకపోయాక ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఏ ఇసుక అని డాక్టరు అడిగాడు. నాయన ఆయాసంలోనే లేచి కూర్చున్నాడు.

"మంచి మణలు సార్. తెల్లది. నేనే చూసి ఎత్తినది. చెత్త మణలు ఒకనాడూ రానిచ్చింది లేదు."

ఆ మంచి ఇసుకే పగిలి, కంటికి కనబడని పొడై ఊపిరితిత్తుల్లో కూర్చుందని డాక్టరు చెప్పాడు. దాన్ని తువ్వాలు ఆపదు. తిన్నదేదీ అక్కడికి పోదు.

"దినమూ బెల్లం తింటా ఉన్నారే సార్," అంది అమ్మ.

నాయన మళ్లీ పడుకుని గోడవైపు తిరిగాడు.

ఆయన పోయాక కర్మకు పాయసం వండమని మేస్త్రీ బెల్లం అచ్చు తెచ్చాడు. "మీ నాయనకు ఇష్టం కదమ్మా," అన్నాడు. ఆయన వీధి దాటేదాకా ఆగి దాన్ని మురుగుకాలవలో పడేశాను. అమ్మ చూసింది.

ఇప్పుడు ఆ ఫౌండ్రీలో ఏటి ఇసుక కొట్టరు. మా ఇంట్లో బెల్లం కొనరు.